రోడ్డు కూడా కంటి పరీక్షలో భాగమే: నవాహో ప్రాంత ఆస్పత్రి నుంచి ఒక కేస్ స్టడీ

షుగర్ వల్ల కంటి లోపలి తెర అయిన రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టినప్పుడు ఇవాళ మన ముందు రెండు మంచి దారులున్నాయి. ఒకటి లేజర్, రెండోది కంట్లో ఇంజెక్షన్. రెండింటికీ గట్టి ఆధారాలున్నాయి. ఏ కంటికి ఏది నప్పుతుందో ఓసీటీ అనే రెటీనా స్కాన్ చూసి చాలావరకు చెప్పొచ్చు. ఏ మనిషికి ఏది నప్పుతుందో మాత్రం స్కాన్‌లో కనపడదు. మా దగ్గర రెసిడెన్సీ అనే శిక్షణ చేసే ఆప్టోమెట్రిస్టులకు (కంటి పరీక్షల నిపుణులకు) ఏడాది పొడవునా నేను నేర్పాలని చూసేది ఈ రెండో సంగతే. దాన్ని నాకన్నా బాగా నేర్పిన కేసు ఇది, అందుకే వివరంగా రాస్తున్నాను. పేషెంట్ వయసు, కుటుంబ వివరాలు, నెలలు కొంత మార్చాను. ఊరి పేరు, ఆస్పత్రి పేరు రాయడం లేదు. నిర్ణయాల వరుస, వాటి వెనక ఆలోచన మాత్రం జరిగినట్టే ఉంచాను.

నేపథ్యం

నవాహోలు అమెరికా ఆదివాసీ తెగ. వాళ్ల సొంత ప్రాంతం నవాహో నేషన్ అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. విస్తీర్ణం సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో అరవై శాతానికి పైనే. అంత నేల మీద ఉండేది లక్షన్నరకు కాస్త పైబడిన జనం. 1864లో అమెరికా సైన్యం వాళ్లను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికో తూర్పున బోస్కే రెడొండోలో నిర్బంధించింది. 1868లో ఒప్పందం కుదిరాక తిరిగి వచ్చారు. ఆదివాసీ తెగల వైద్యం ఫెడరల్ ప్రభుత్వ బాధ్యత కావడానికి మూలం ఇలాంటి ఒప్పందాలే. ఆ పని చూసే ఇండియన్ హెల్త్ సర్వీస్ 1955లో ఏర్పడింది. 1975 నాటి చట్టం వచ్చాక కొన్ని ఆస్పత్రులను తెగలే సొంతంగా నడుపుకుంటున్నాయి.

మన పాఠకుల కోసం రెసిడెన్సీ గురించి నాలుగు మాటలు. అమెరికాలో ఆప్టోమెట్రీ అంటే డిగ్రీ తర్వాత నాలుగేళ్ల డాక్టరేట్ చదువు. రెసిడెన్సీ తప్పనిసరి కాదు. కావాలనుకున్నవాళ్లు ఇంకో ఏడాది చేస్తారు, మామూలుగా జులైలో మొదలై జూన్ చివర ముగుస్తుంది. నవాహో ప్రాంత ఆస్పత్రుల్లో చేసే రెసిడెంట్ కళ్లద్దాల పరీక్షతో పాటు షుగర్ కంటి జబ్బులు, గ్లకోమా, కార్నియా పుళ్లు, ఎమర్జెన్సీకి వచ్చిన కంటి దెబ్బలు, అన్నీ చూస్తారు. ఆపరేషన్లు, రెటీనా లేజర్, ఇంజెక్షన్లు మాత్రం కంటి సర్జన్ల పని. మా పేషెంట్లకు రెటీనా స్పెషలిస్ట్ ఉండేది నగరంలో. రోడ్డు బాగుంటే మూడు గంటల ప్రయాణం.

రోడ్డు బాగుంటే అన్నది ఇక్కడ పెద్ద మాట. హైవే దిగాక చాలా ఇళ్లకు మట్టిదారే దిక్కు. మంచు కరిగినప్పుడు, వాన పడినప్పుడు ఆ మట్టి చక్రాలను పట్టేస్తుంది. ఇళ్లకు డోర్ నంబర్ ఉండదు. ఉత్తరాలు పోస్టాఫీసులోని పెట్టెకు వస్తాయి, వీలైనప్పుడు వెళ్లి తెచ్చుకోవాలి. నల్లా లేని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. డ్రమ్ములతో నీళ్లు తెచ్చుకోవడమే వాళ్లకు వారంలో ఒక పెద్ద పని. పైగా ఎండాకాలంలో నవాహో నేషన్ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, చుట్టూ ఉన్న అరిజోనా జరపదు. ఒక్క అపాయింట్‌మెంట్‌కు రెండు టైములు రాసివ్వాల్సి వస్తుంది.

ఆమె ఎందుకు వచ్చింది

ఆగస్టులో వచ్చింది. యాభై తొమ్మిదేళ్లు. టైప్ 2 షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఇద్దరు మనవలను పెంచుతోంది, కొన్ని గొర్రెలున్నాయి, రగ్గులు నేస్తుంది. ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ ముఖ్యమైన మాటలు నవాహోలోనే మాట్లాడటం ఇష్టం. మా క్లినిక్ టెక్నీషియన్‌కు నవాహో వచ్చు కాబట్టి ఆమె పక్కన కూర్చుంది. మనవడు కూడా వచ్చాడు, కానీ పిల్లల చేత అమ్మమ్మ జబ్బు గురించి మాట్లాడించడం మా దగ్గర చేయం.

ఆమె ఫిర్యాదు ఒక్కటే, కళ్లద్దాలు. రంగు వేయని సహజమైన ఉన్నిలో నలుపుకీ ముదురు గోధుమరంగుకీ తేడా తెలియడం లేదు. మగ్గం మీద ఒక వరుస వేసి, తెల్లారి వెలుతురులో చూసి విప్పేయాల్సి వస్తోంది. కుడి కన్ను 6/9, ఎడమ కన్ను 6/18 (మామూలు చూపు 6/6). నొప్పి లేదు, నల్లచుక్కలు లేవు. కన్ను పరీక్ష చేయించుకుని నాలుగేళ్లు దాటింది.

కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే రెసిడెంట్ ఐరిస్‌ను (పాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని), గోనియోస్కోపీతో కంటి కోణాన్ని చూశారు. అది మంచి అలవాటు. కంటిపాప పెద్దదయ్యాక ఐరిస్ అంచున ఉన్న సన్నటి కొత్త నాళాలు చూపుకి అందవు. అక్కడ ఏమీ లేదు. చుక్కలు వేసి చూస్తే కథ వేరుగా ఉంది. ఎడమ కంట్లో ఆప్టిక్ డిస్క్ (కంటి నరం మొదలయ్యే చోటు) మీద కొత్త రక్తనాళాలు, డిస్క్‌లో మూడో వంతుకు మించి. రెటీనా ముందు చిన్న రక్తపు చార. సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగమైన మాక్యులా మధ్యలో నీరు, ఓసీటీలో 400 మైక్రాన్లు దాటిన మందం. కుడి కంట్లో డిస్క్‌కు దూరంగా ఒకచోట కొత్త నాళాలు మొదలయ్యాయి, మాక్యులా మాత్రం పొడిగా ఉంది. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 10.8.

అంటే ఎడమ కన్ను పెద్ద ప్రమాదంలో ఉన్న దశ, కుడి కన్ను అదే దారిలో తొలి అడుగు. ఆమెకు తెలిసిందల్లా ఉన్ని రంగు కలిసిపోవడం. షుగర్ కంటి జబ్బులో చూపు చాలాకాలం బాగానే ఉంటుందని మనందరికీ తెలుసు, తెలిసీ ప్రతిసారీ గుండె ఝల్లుమంటుంది.

మొదటి ప్లాన్

రెసిడెంట్ ఆలోచన ఇలా సాగింది. మాక్యులా మధ్యలో నీరుండి చూపు తగ్గితే మొదటి చికిత్స ఇంజెక్షన్. ఆ మందు కొత్త నాళాలను కూడా అణుస్తుంది. 2015లో వెలువడిన ప్రోటోకాల్ ఎస్ అధ్యయనంలో, ఈ దశ జబ్బుకు రానిబిజుమాబ్ ఇంజెక్షన్లు రెండేళ్ల దగ్గర లేజర్‌కు తీసిపోలేదు. చుట్టుపక్కల చూపు కూడా తక్కువగా దెబ్బతింది. నీరున్న కంటికి ముందే రెటీనా అంతటా లేజర్ కొడితే నీరు ఇంకా పెరగొచ్చు. కాబట్టి ముందు ఇంజెక్షన్లు, నెలకొకసారి. కుడి కన్ను కొన్నాళ్లు గమనిద్దాం. అత్యవసర రిఫరల్ రాశారు. నగరంలోని స్పెషలిస్ట్ కూడా అదే మాటన్నారు.

కళ్లద్దాలు వాయిదా వేశారు. షుగర్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు కంటి లెన్స్ ఉబ్బి పవర్ మారుతూ ఉంటుంది. ఇవాళ ఇచ్చిన అద్దం రెండు నెలలకు పనికిరాకపోవచ్చు. పుస్తకం ప్రకారం ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు.

సెప్టెంబరులో మొదటి ఇంజెక్షన్, అక్టోబరులో రెండోది. ఎడమ చూపు 6/12కి వచ్చింది, నీరు తగ్గింది. క్లినిక్‌లో అందరం సంతోషించాం.

ఎక్కడ తెగింది

నవంబరు అపాయింట్‌మెంట్‌కు ఆమె వెళ్లలేదు. డిసెంబరులోనూ వెళ్లలేదు. ఇంటి ఫోన్ మోగలేదు. ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెలో పడి ఉన్నాయని తర్వాత తెలిసింది. డిసెంబరు చివర్లో కూతురి ఫోన్ ద్వారా ఆమె దొరికింది. రెసిడెంట్ ఆదుర్దాగా, నిజాయితీగా, మనం కాలేజీలో నేర్చుకున్న పద్ధతిలోనే చెప్పారు. మీరు రాకపోతే ఈ కంట్లో రక్తం కారుతుంది, రెటీనా ఊడిపోతుంది, మీ చూపు పోతుంది అని. అవతల చాలాసేపు మౌనం. సరే అని పెట్టేసింది. జనవరి అపాయింట్‌మెంట్‌కూ రాలేదు.

ఇక్కడ రెసిడెంట్ నోట్స్‌లో మొదట రాసుకున్న మాట, పేషెంట్ సహకరించడం లేదు అని. ఆ వాక్యం దగ్గర మేం చాలాసేపు ఆగాం. ఆ వాక్యం రాస్తే ఇక వెతకాల్సింది ఏమీ మిగలదు. కారణం దొరికేసినట్టే ఉంటుంది, అదీ పేషెంట్‌లో. అది తీసేసి, ఏ రోజు ఎందుకు రాలేదో ఒక్కో తేదీ పక్కన రాయమన్నాను. రాయడానికి రెసిడెంట్ దగ్గర సమాచారం లేదు. ఎందుకంటే ఆ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ట్రక్కు ఎవరిది, ఎవరు నడుపుతారు, ఆమె లేనప్పుడు గొర్రెలకు ఎవరు కాపలా, పిల్లలను బడి బస్సు దగ్గర ఎవరు దించుతారు, ఉత్తరాలు ఎన్నాళ్లకోసారి తెచ్చుకుంటారు, ఇవేవీ చార్టులో లేవు.

బెదిరింపులా వినపడిన ఆ ఫోన్ మాట సంగతి మా టెక్నీషియన్ చెప్పింది. చెడును ఒక మనిషి ముఖం మీద, నీకు ఇలా జరుగుతుంది అని అనడం సంప్రదాయంలో పెరిగిన చాలామంది నవాహోలకు దాన్ని పిలిచినట్టే. మాటకు జరిపించే శక్తి ఉందని వాళ్ల నమ్మకం. కారీస్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో దీని గురించే రాశారు. కీడు గురించి పూర్తిగా చెప్పి తీరాలనే ఆధునిక వైద్య నీతి ఇక్కడ హాని చేయగలదని. నవాహోలందరూ ఇలాగే అనుకుంటారని కాదు. క్లినిక్‌కి వచ్చే కుర్రవాళ్లలో చాలామంది నేరుగా చెప్పమనే అడుగుతారు. ఎవరు ఎలా వినాలనుకుంటారో ముందు వాళ్లనే అడగాలి. మన ఇళ్లల్లో కూడా అశుభం పలకొద్దని పెద్దవాళ్లు నోరు నొక్కుతారు కదా, తెలుగువాళ్లకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

జనవరి చివర్లో, మంచు గట్టిగా ఉన్న ఒక ఉదయం, పొరుగాయన ట్రక్కులో ఆమే వచ్చింది. ఎడమ కంట్లో పొగ నిండినట్టుందని. చూపు చేతి కదలికల వరకే. కంటి లోపల రక్తస్రావం.

ఆ ఉదయం తీసుకున్న నిర్ణయాలు

మొదటి ప్రశ్న, రక్తం వెనక రెటీనా అతుక్కునే ఉందా? కనపడటం లేదు కాబట్టి బీ-స్కాన్ అల్ట్రాసౌండ్ చేశాం. రెటీనా సమంగా ఉంది, లాగుడు లేదు. ఈ ఒక్క ఫలితం మీద మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడ్డాయి. మాక్యులాను లాగుతున్న ఆనవాలు ఉంటే అదే రోజు అంబులెన్స్ ఎక్కించాల్సి వచ్చేది. లేదు కనుక కొన్ని వారాల వ్యవధి దొరికింది, ఆ వ్యవధిని ఆమె చేతిలో పెట్టొచ్చు.

రెండోది కుడి కన్ను. ఆగస్టులో ఒకచోట ఉన్న కొత్త నాళాలు ఇప్పుడు రెండు చోట్ల. చూపు ఇంకా 6/9. ఆమెకు మిగిలిన మంచి కన్ను ఇదే.

ఇక్కడ రెసిడెంట్‌తో పాత పేపర్లన్నీ మళ్లీ తీయించాను. ప్రోటోకాల్ ఎస్‌లో పాల్గొన్నవాళ్లు ఒక అధ్యయనంలో ఉన్నవాళ్లు, పిలిచి గుర్తుచేసే సిబ్బంది వాళ్ల వెనక ఉన్నారు. మరి ఆరు నెలలకు మించి తప్పిపోయినవాళ్ల సంగతి? ఫిలడెల్ఫియా నుంచి 2019లో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా అదే చూసింది. ఇంజెక్షన్లు మాత్రమే తీసుకుని మాయమైన కళ్లు, లేజర్ చేయించుకుని మాయమైన కళ్లకన్నా బాగా దెబ్బతిని తిరిగొచ్చాయి. రెటీనా లాగుడుతో ఊడటం కూడా ఇంజెక్షన్ కళ్లలోనే ఎక్కువ. కారణం సులువే. ఇంజెక్షన్ ప్రభావం వారాల్లో అయిపోతుంది. లేజర్, ఆక్సిజన్ చాలక కొత్త నాళాలను పుట్టించే రసాయనాన్ని విడుదల చేస్తున్న రెటీనా భాగాన్నే శాశ్వతంగా తగ్గిస్తుంది. 1970ల నాటి అధ్యయనాలే ఈ లేజర్ తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చాయి. పాత చికిత్స అని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. దారి మూసుకుపోయిన మూడు నెలలు కూడా అది కంట్లో పనిచేస్తూనే ఉంటుంది.

లేజర్‌కు ఖర్చు ఉంది. చీకట్లో చూపు, పక్కచూపు కొంత తగ్గుతాయి. తెల్లవారకముందే గొర్రెల దొడ్డికి వెళ్లే మనిషికి అది చిన్న విషయం కాదు. ఆమెకు ఈ సంగతి చెప్పాలి, నిర్ణయం ఆమెదే కావాలి. అయినా కుడి కంటికి మేం సిఫారసు చేయాల్సింది లేజరే అనే నిర్ధారణకు వచ్చాం.

మాట్లాడిన తీరు

ఆ రోజే ఏదీ ఒప్పించాలని చూడలేదు. ముందు రెసిడెంట్ చేసిన పని కళ్లద్దాలు. అసలు ఆమె అడిగింది అదే కదా. నిలువు మగ్గం ముందు కూర్చుంటే పని కళ్లకు ఎదురుగా, ఒక్కోసారి పైన ఉంటుంది. మామూలు బైఫోకల్‌లో దగ్గరి పవర్ కింద ఉంటుంది కాబట్టి మెడ వెనక్కి విరిచి చూడాలి. దుకాణంలో దొరికే రెడీమేడ్ అద్దాలూ కుదరవు. నవాహోల్లో ఆస్టిగ్మాటిజం ఎక్కువ, ఈమెకూ గణనీయంగా ఉంది. మగ్గం ఎంత దూరంలో ఉంటుందో చేయి చాపి చూపించమని కొలిచి, ఆ దూరానికి మాత్రమే పనికొచ్చే ఒక్క పవర్ అద్దాలు రాశారు. షుగర్ తగ్గాక పవర్ మారితే మళ్లీ చేసిస్తామని చెప్పారు. మంచి దీపం ఏ పక్క నుంచి పడాలో కూడా మాట్లాడుకున్నారు. ఆ పరీక్షలో ఆమె మొదటిసారి తనంతట తానుగా మాట్లాడింది.

అప్పుడే అసలు భయం బయటపడింది. కన్ను కోస్తారని. వాళ్ల అమ్మమ్మ కనురెప్పలు లోపలికి ముడుచుకుపోయి ఉండేవట, చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో ప్రభుత్వ డాక్టర్లు కోశారని చెప్పేదట. 1920ల్లో నైరుతి రాష్ట్రాల ఆదివాసీల్లో ట్రకోమా అనే అంటు కంటి జబ్బును నిర్మూలించాలని ఒక పెద్ద కార్యక్రమం నడిచింది. కనురెప్పలోని గట్టి పొరను తీసేసే ఆపరేషన్లు బడిపిల్లలకు కూడా విరివిగా చేశారు. మేలు జరగలేదు సరికదా చాలామందికి రెప్పలు పాడయ్యాయి. ట్రకోమాకు పనిచేసే సల్ఫా మందులు వచ్చింది 1930ల చివర్లో. ఆ కుటుంబం దగ్గర ఉన్నది మూఢనమ్మకం కాదు, కళ్లారా చూసిన సాక్ష్యం. రెసిడెంట్ దాన్ని ఖండించలేదు. అవును, అలా చేశారు, అది తప్పు అని చెప్పి ఊరుకున్నారు. ఇప్పటి ఆపరేషన్ గురించి ఆ రోజు ఒక్క మాటా ఎత్తలేదు. నా అంచనాలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే.

తర్వాతి వారం కమ్యూనిటీ హెల్త్ రిప్రజెంటేటివ్‌తో కలిసి రెసిడెంట్ వాళ్లింటికి వెళ్లారు. 1968 నుంచీ ఉన్న కార్యక్రమం ఇది. తెగలోని మనుషులే శిక్షణ పొంది ఇళ్లకు వెళ్తారు, మన ఆశా కార్యకర్తలకు దగ్గరి పని. ఆమెతో పాటు అక్క, కూతురు కూర్చున్నారు. నవాహోల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది, అక్క మాటకు బరువెక్కువ. ఈసారి జబ్బు గురించి మాటలు వేరే దారిలో నడిచాయి. షుగర్ ఇలా కంటికి వచ్చినవాళ్లు కొందరుంటారు, వాళ్లలో లేజర్ చేయించుకున్నవాళ్లకు చూపు నిలిచింది, మగ్గం పని చేసుకుంటున్నారు, చీకట్లో మాత్రం కొంచెం కష్టపడతారు. మూడో మనిషి గురించి చెప్పినట్టు, మేలు వైపు నుంచి. ఏ నిజమూ దాచలేదు, ఎవరి నెత్తినా పెట్టలేదు. రిస్క్ గురించి ఇంకా వివరంగా వినాలనుకుంటున్నారా అని అడిగితే అక్క వింటానంది. పక్క గదిలోకి వెళ్లి అక్కకు అన్నీ చెప్పారు.

ప్రయాణాల చిట్టా కూడా అక్కడే తయారైంది. ట్రక్కు కొడుకుది, అతను వారాల తరబడి బయట పనికి వెళ్తాడు. మార్చి నుంచి గొర్రెలు ఈనే కాలం, అప్పుడు ఆమె ఇల్లు కదలదు. అంటే నెలకొక ప్రయాణం ఏ ప్లాన్‌లోనూ నిలవదు. మొదటి రెండు నెలలు నిలిచింది కొడుకు ఊళ్లో ఉండటం వల్ల.

రెండో రిఫరల్ లెటర్

మొదటి లెటర్ సగం పేజీ, అన్నీ కంటి విషయాలే. రెండోది రెండు పేజీలు. రెసిడెంట్ స్పెషలిస్ట్‌కు ఫోన్ కూడా చేశారు. అడిగినవి ఇవి.

ఎడమ కంటి రక్తం దానంతటదే తగ్గేదాకా ఇంజెక్షన్లు వేస్తూ చూడటం, లేదా విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్) చేసి రక్తం తీసేసి అదే పూట లోపల లేజర్ కొట్టడం. 2020లో వచ్చిన ప్రోటోకాల్ ఏబీ అధ్యయనంలో ఆరు నెలల సగటు చూపులో ఈ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, విట్రెక్టమీలో చూపు త్వరగా తేరుకుంది. కంటికి రెండు దారులూ సమానమైతే, ప్రయాణాలు ఎక్కడ తక్కువో అక్కడికి మొగ్గుదాం అన్నది మా వాదన. అదే మత్తులో, అదే రోజు కుడి కంటికీ పూర్తి లేజర్ చేయగలరా? ఆపరేషన్ తెల్లారి చెక్ మీ దగ్గర, తర్వాతివన్నీ మా దగ్గర చేసి ఫొటోలు, ఓసీటీ పంపుతాం.

ఇంకొకటి, ఎత్తు. కంట్లో గ్యాస్ బుడగ పెట్టాల్సి వస్తే, ఆమె ఇల్లు ఆరువేల అడుగుల పైన ఉంది. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. ఈ కొండప్రాంతంలో సర్జన్‌కు ఇంటి ఎత్తు రాయడం అలర్జీలు రాసినంత ముఖ్యం. కుదిరితే గ్యాస్ లేకుండా చేయమని, తప్పకపోతే నగరంలో బస ముందే ఏర్పాటు చేస్తామని రాశారు.

షుగర్ డాక్టర్‌తో మాట్లాడాల్సింది కూడా ఉంది. ఆయన సెమాగ్లుటైడ్ అనే షుగర్ మందు మొదలుపెట్టబోతున్నారు. 2016లో వచ్చిన సస్టెయిన్-6 అధ్యయనంలో ఆ మందు తీసుకున్నవాళ్లలో రెటీనా ఇబ్బందులు 3.0 శాతం, తీసుకోనివాళ్లలో 1.8 శాతం. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా పడిపోతే రెటీనా కొన్నాళ్లు ముదరడం ఇన్సులిన్‌తోనూ తెలిసిన సంగతే. మందు వద్దనలేదు, ఆమె గుండెకూ కిడ్నీలకూ అది కావాలి. లేజర్ అయ్యాక, చిన్న డోసుతో, నెమ్మదిగా అని అడిగాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

స్పెషలిస్ట్ కార్యాలయం ఫిబ్రవరి రెండో వారంలో ఒక తేదీ ఇచ్చింది. అక్క ఫోన్ చేసి, ఆపరేషన్‌కు ముందు చెల్లెలికి ఒక పూజ చేయించాలి, అది అయ్యాక నాలుగు రోజులు ఆమె నియమంలో ఉండాలి, ఆ తేదీ కుదరదు అంది. బీ-స్కాన్ మళ్లీ చేశాం. రెటీనా సమంగానే ఉంది, కుడి కన్ను మారలేదు. పది రోజులు ఆగడం వల్ల వచ్చే ప్రమాదం, ఆమె అసలే రాకపోవడం వల్ల వచ్చే ప్రమాదంలో ఆవగింజంత. తేదీ జరిపించాం. పూజ వివరాలు మేం అడగలేదు. అడగాల్సిన పని మాకు లేదు.

తర్వాత

ఫిబ్రవరి చివర్లో అన్నీ ఒకే రోజు జరిగాయి. గ్యాస్ అవసరం పడలేదు. వారం తర్వాతి చెక్ మా దగ్గరే అయింది. కంటి ఒత్తిడి మామూలుగా ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గొర్రెలు ఈనే కాలమంతా ఆమె నగరానికి వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరం లేకుండా ప్లాన్ చేశాం. మేలో షుగర్ క్లినిక్, కిడ్నీ పరీక్షలు, పళ్ల డాక్టర్, మా ఓసీటీ ఒకే రోజు పెట్టించాం. కుడి కన్ను 6/7.5, ఎడమ కన్ను 6/12. కొత్త నాళాలు రెండు కళ్లలోనూ ముడుచుకుపోయాయి. హెచ్‌బీఏ1సీ 8.4కు దిగింది, పవర్ కొంచెం మారింది, మాట ఇచ్చినట్టే మగ్గం అద్దాలు మళ్లీ చేసిచ్చాం. చీకట్లో దొడ్డికి వెళ్లడం కష్టమైందని చెప్పింది. తలకు కట్టుకునే దీపం ఒకటి కూతురు కొనిచ్చింది.

అంతా చక్కబడలేదు. ఎడమ మాక్యులాలో కొద్దిగా నీరు మళ్లీ కనపడుతోంది. ఇంజెక్షన్ ఇంకోసారి అవసరమవుతుందా అన్నది ఓసీటీలు చూసి స్పెషలిస్ట్ చెబుతారు. అవసరమైతేనే ప్రయాణం.

ఈ కేసు తర్వాత మా రెసిడెన్సీలో కొన్ని పనులు మారాయి. కొత్త నాళాలు కనపడిన ప్రతి పేషెంట్‌కు రిఫరల్‌లో బండి, దారి, ఉత్తరాలు, పశువుల పని, ఇంటి ఎత్తు, ఎవరితో మాట్లాడాలి అనే గళ్లు నింపాలి. అవి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను. చికిత్స సిఫారసు చేసేటప్పుడు, ఈ మనిషి ఆరు నెలలు రాలేకపోతే ఈ కన్ను ఏమవుతుంది అనే ప్రశ్నకు రెసిడెంట్ ఒక వాక్యంలో జవాబు రాయాలి. రెసిడెన్సీ మొదటి రెండు నెలల్లోనే హెల్త్ రిప్రజెంటేటివ్‌తో ఇళ్లకు వెళ్లాలి. అరకులో, ఆదిలాబాద్ అడవుల్లో, నల్లమల గూడేల్లో షుగర్ కళ్లు చూసే మన ఆప్టోమెట్రిస్టులు ఈ గళ్లను తమ దారులకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇంజెక్షనా లేజరా అన్న ప్రశ్న అక్కడా ఇదే.

ఒక ఇబ్బంది ఇంకా తీరలేదు. రెసిడెన్సీ ఏడాదిలో అయిపోతుంది, ఆమె జబ్బు అవదు. ఆమెకు నమ్మకం కుదిరింది ఒక మనిషి మీద, ఆ మనిషి జూన్ 30న వెళ్లిపోతారు. అందుకని మే చెకప్‌కు నేను కూడా గదిలో కూర్చున్నాను. ఇక మీదట ప్రతి అపాయింట్‌మెంట్ నా పేరు మీదే ఉంటుంది, కొత్త రెసిడెంట్ నాతో కలిసి చూస్తారు. తర్వాతి తేదీ కట్టెలు తెచ్చుకునే పని మొదలవకముందు, సెప్టెంబరు మొదటి వారంలో, అక్కకు కూడా ఖాళీ ఉన్న రోజున పెట్టుకున్నాం. తేదీ ఎంచింది వాళ్లిద్దరే.